శంషాబాద్ నుంచి ఊళ్లోకి, రాత్రీ పగలూ: విమానాశ్రయ ప్రజా రవాణాపై వినతిపత్రం

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర రవాణా శాఖ మంత్రివర్యులకు,

ప్రతులు: టీజీఎస్‌ఆర్టీసీ మేనేజింగ్ డైరెక్టర్ గారికి, దక్షిణ మధ్య రైల్వే జనరల్ మేనేజర్ గారికి, హైదరాబాద్ మెట్రో రైలు మేనేజింగ్ డైరెక్టర్ గారికి, హెచ్‌ఎండీఏ కమిషనర్ గారికి, రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయ యాజమాన్యానికి.

విషయం: శంషాబాద్ విమానాశ్రయం నుంచి హైదరాబాద్ నగరానికి, జిల్లాలకు అందరికీ అందే ఛార్జీలతో ఇరవై నాలుగు గంటల బస్సు, రైలు సౌకర్యం కల్పించాలని కోరుతూ.

ఆర్యా,

శంషాబాద్‌లో విమానం దిగిన మనిషి, అది మధ్యాహ్నం రెండు గంటలైనా, అర్ధరాత్రి దాటాక రెండు గంటలైనా, క్యాబ్ మాట్లాడుకోకుండా ఇల్లు చేరగలగాలి. అక్కడ పనిచేసే మనిషి డ్యూటీ దిగాక రోడ్డు మీద చెయ్యెత్తి నిలబడే అవసరం లేకుండా ఇల్లు చేరగలగాలి. మేము అడుగుతున్నది ఇంతే. దీనికి వేల కోట్లు కావలసిన పనులు కొన్ని ఉన్నాయి. పెద్దగా ఖర్చు లేకుండా ఈ నెలలోనే మొదలుపెట్టగలిగినవి చాలా ఉన్నాయి. ఆ పెద్ద పనుల కోసం ఎదురుచూస్తూ ఈ చిన్న పనులు ఆగిపోవడమే మా బాధ.

ఈ పత్రం మీద సంతకాలు చేసినవాళ్లం రకరకాల మనుషులం. పిల్లల్ని అమెరికాకో, లండన్‌కో పంపి, వాళ్లు వచ్చినప్పుడు ఎదురెళ్లే తల్లిదండ్రులం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి వైపు నుంచి దుబాయ్, మస్కట్, దోహా, రియాద్ వెళ్లొచ్చే కార్మికులం, వాళ్ల ఇంటివాళ్లం. విమానాశ్రయంలో సామాను ఎత్తే, నేల తుడిచే, కాపలా కాసే, వండి వడ్డించే, కౌంటర్లలో కూర్చునే ఉద్యోగులం. శంషాబాద్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లం. పని మీద బెంగళూరో, ఢిల్లీయో పోయి అదే రాత్రి తిరిగొచ్చే చిరుద్యోగులం. మాలో కార్లున్నవాళ్లూ ఉన్నారు. ఒక్క మనిషిని దింపి రావడానికి నగరం ఒక కొస నుంచి అంత దూరం కారు తీయాలని వాళ్లూ కోరుకోవడం లేదు.

2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారాయి. బేగంపేట విమానాశ్రయం ఊరి నడుమ ఉండేది. బయటికొస్తే సిటీ బస్సు దొరికేది, కాస్త దూరంలో రైల్వే స్టేషన్ ఉండేది, ఏదీ కుదరకపోతే ఆటో ఉండేది. శంషాబాద్ నగరం నడిబొడ్డుకు దాదాపు పాతిక కిలోమీటర్లు. అంత దూరం తీసుకెళ్తున్నప్పుడు దారి కూడా వేయాలని అప్పటి ప్రభుత్వం గుర్తించింది, వేసింది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11 కిలోమీటర్లకు పైబడిన పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వేను 2009లో తెరిచారు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డులో గచ్చిబౌలి, శంషాబాద్ మధ్య ముక్కే ముందుగా పూర్తయింది. రెండూ మంచి పనులే, కాదనం. అయితే ఆ ఎక్స్‌ప్రెస్‌వే మీదికి, ఔటర్ మీదికి బైకులను, స్కూటర్లను రానివ్వరు. భద్రత కోసం పెట్టిన నిబంధన అది, దాన్ని మార్చమని మేము అడగడం లేదు. దాని పర్యవసానం ఏమిటో మాత్రం చెబుతున్నాము. కారు లేని మనిషికి ఆ రెండు రోడ్ల మీద ప్రయాణించే హక్కు ఒక్క బస్సు రూపంలోనే ఉంది. బస్సు లేని వేళల్లో, ప్రజల డబ్బుతో వేసిన ఆ రోడ్లు కారున్నవాళ్లవి, క్యాబ్ కిరాయి పెట్టుకోగలిగినవాళ్లవి మాత్రమే అవుతున్నాయి.

రోడ్డుకు దొరికిన తొందర పట్టాలకు దొరకలేదు. విమానాశ్రయం మొదలైనప్పుడు ఏడాదికి 1.2 కోట్ల మందికి సరిపోయేలా కట్టారు, తర్వాత 3.4 కోట్ల మందికి సరిపోయేలా విస్తరించారు. పదిహేనేళ్లు దాటాక కూడా ఆ టెర్మినల్ గడప దాకా ఒక్క రైలూ రాలేదు. హాంకాంగ్‌లో 1998లో కొత్త విమానాశ్రయం తెరిచిన రోజే నగరంలోకి రైలు కూడా నడిచింది. అంత దూరం పోనక్కర్లేదు. చెన్నై విమానాశ్రయం ఎదుటే త్రిశూలం సబర్బన్ స్టేషన్ ఉంది, 2016 నుంచి మెట్రో కూడా ఉంది. ఢిల్లీకి 2011లోనే ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ వచ్చింది. ముంబై అంతర్జాతీయ టెర్మినల్ కిందికి 2024 అక్టోబర్‌లో భూగర్భ మెట్రో చేరింది. ఈ వరుసలో హైదరాబాద్ లేదు.

రైలు ఎప్పుడో వస్తుంది, రావాలి. దాని గురించి తర్వాత మనవి చేస్తాము. ముందు రాత్రి గురించి చెప్పాలి. మా కష్టమంతా అక్కడే ఉంది.

గల్ఫ్ దేశాలకు, యూరప్‌కు వెళ్లే విమానాలు, అటు నుంచి వచ్చేవి చాలా వరకు అర్ధరాత్రికీ తెల్లవారుజాముకూ మధ్యే ఉంటాయి. దేశంలోని నగరాలకు వెళ్లే మొదటి విమానాలు చీకటి వీడకముందే లేస్తాయి. ఉదయం ఐదున్నర విమానానికి మూడున్నర కల్లా టెర్మినల్‌లో ఉండాలి, అంటే ఉప్పల్‌లోనో, కూకట్‌పల్లిలోనో రెండింటికే ఇంటి తలుపు వేసుకుని బయటపడాలి. ఆ వేళకు మెట్రో ఉండదు, ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉండదు, సిటీ బస్సు ఉండదు. ఆర్టీసీ వారి ఎయిర్‌పోర్టు బస్సు పుష్పక్ ఎక్కాలన్నా, ఇంటి నుంచి అది ఆగే చోటుకు చేరాలి. చేరాక, బస్సు ఎన్నింటికొస్తుందో నమ్మకంగా తెలియాలి. విమానం తప్పితే పోయేది టికెట్ డబ్బు ఒక్కటే కాదు. గల్ఫ్‌లో కొత్తగా పనిలో చేరబోయే మనిషికైతే వీసా గడువూ, ఉద్యోగమూ రెండూ చిక్కులో పడతాయి. అందుకే జనం బస్సును నమ్ముకునే సాహసం చేయరు, అప్పోసప్పో చేసి బండి మాట్లాడుకుంటారు. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నాయని ట్రిప్పు రద్దు చేస్తే నమ్మకం ఇంకా పోతుంది, ఉన్న నలుగురూ ఎక్కడం మానేస్తారు. రాత్రి బస్సును గిట్టుబాటు లెక్కతో తూచవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాము. అది ఖాళీగా నడిచిన రాత్రి కూడా ఎవరికో ధైర్యం ఇచ్చే నడిచి ఉంటుంది.

కాబట్టి బస్సుల విషయంలో మా కోరికలు ఇవి. విమానాశ్రయం నుంచి సికింద్రాబాద్, జూబ్లీ బస్ స్టేషన్, మహాత్మాగాంధీ బస్ స్టేషన్, ఎల్బీ నగర్, ఉప్పల్, మెహిదీపట్నం, గచ్చిబౌలి, మియాపూర్ వైపు వెళ్లే ప్రతి మార్గంలో పగలు ఇరవై నిమిషాలకొకటి, రాత్రి పదకొండు నుంచి ఉదయం ఐదు దాకా కనీసం ముప్పావు గంటకొకటి బస్సు నడుస్తుందని ఆర్టీసీ రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. పాతబస్తీని మరిచిపోవద్దు. చార్మినార్, ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట ప్రాంతాలు విమానాశ్రయానికి నగరంలోని చాలా చోట్ల కంటే దగ్గర. గల్ఫ్ ప్రయాణికులు, హజ్, ఉమ్రా యాత్రికులు అక్కడ ఎన్నో ఇళ్లలో ఉన్నారు. వాళ్లు మెహిదీపట్నం దాకా వెనక్కి పోయి బస్సెక్కాల్సిన పని ఉండకూడదు. ప్రతి బస్సు ఎక్కడుందో ఫోన్‌లోనూ, టెర్మినల్ లోపలి తెరల మీదా కనిపించాలి. విమానాల రాకపోకలు చూపే తెర పక్కనే బస్సుల రాకపోకలు చూపే తెర పెట్టడానికి కావలసింది విమానాశ్రయ యాజమాన్యం అనుమతి ఒక్కటే.

బస్సు రకం గురించీ చెప్పాలి. 2019లో పుష్పక్ మార్గాల్లోకి ఏసీ ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. పొగ లేదు, చప్పుడు తక్కువ, సామానుకు చోటుంది. వాటిని మేము మనసారా మెచ్చుకుంటాము, వాటి సంఖ్య పెంచమనే అడుగుతున్నాము. కానీ అదొక్కటే ఎయిర్‌పోర్టు బస్సు కాకూడదు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం ఉంది, పుష్పక్‌లో లేదు. విమానాశ్రయంలో పనిచేసే ఆడవాళ్లలో ఎక్కువమంది శుభ్రత పనుల్లో, క్యాంటీన్లలో, సెక్యూరిటీలో ఉన్నారు. వాళ్ల జీతానికి రోజూ పుష్పక్ టికెట్ కుదరదు. మహాలక్ష్మి వర్తించే మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు హైవే మీద మలుపు దగ్గరే ఆగిపోకుండా టెర్మినల్ దాకా, కార్గో గేటు దాకా వెళ్లాలి. వాటిలోనూ వెనక రెండు వరుసల సీట్లు తీసేసి సామాను పెట్టుకునే చోటు చేయాలి. ముప్పై కిలోల పెట్టె, భుజాన సంచీ, చంకన బిడ్డ ఉన్న తల్లి ఎక్కాల్సిన బస్సుకు ఎత్తైన మెట్లు పనికిరావు. ఎయిర్‌పోర్టు మార్గాలకు తక్కువ ఎత్తు గుమ్మం ఉన్న బస్సులే కేటాయించాలి. ఆమెకు మేలైన బస్సు వీల్‌చైర్ మీద వచ్చే ప్రయాణికుడికీ మేలవుతుంది.

ఛార్జీ విషయం. ఒంటరిగా వెళ్లే మనిషికి పుష్పక్ క్యాబ్ కంటే ఎంతో చౌక. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కలిసి వెళ్లినప్పుడు నాలుగు టికెట్లూ కూడితే క్యాబ్‌కు దగ్గరగా పోతుంది. ఇంటి నుంచి స్టాపు దాకా ఆటో కిరాయి కలిపితే ఆ కాస్త తేడా కూడా మిగలదు. కుటుంబంతో వచ్చేవాళ్లు బస్సు వైపు చూడకపోవడానికి ఇదే కారణం. అప్పుడప్పుడూ ప్రకటించే రాయితీలా కాకుండా, ఏడాది పొడవునా కుటుంబ టికెట్ ఉండాలి. ఎయిర్‌పోర్టు బస్సు టికెట్‌తోనే దిగిన చోటు నుంచి సిటీ బస్సులో ఇల్లు చేరే వీలుండాలి. మెట్రోకు, బస్సుకు, ఎంఎంటీఎస్‌కు ఒకే కార్డు అన్న మాట ఎన్నో ఏళ్లుగా వింటున్నాము. దాన్ని విమానాశ్రయ మార్గాలతో మొదలుపెట్టమని మా సూచన.

ఇప్పుడు జిల్లాల గురించి. దీని మీద కాస్త ఎక్కువ చెప్పవలసి వస్తోంది, క్షమించాలి. శంషాబాద్ ఒక్క హైదరాబాద్ నగరానికే విమానాశ్రయం కాదు. తెలంగాణ మొత్తానికీ, కర్నూలు వైపువాళ్లకూ, విదేశాలకు వెళ్లే విషయంలో కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లు ఎందరికో ఇదే విమానాశ్రయం. జగిత్యాల దగ్గరి ఊళ్లో ఒక మనిషి దుబాయ్ బయల్దేరుతున్నాడంటే ఇంట్లో నలుగురూ, పక్కింటివాళ్లు ఇద్దరూ కలిసి కారో, తుఫాను బండో మాట్లాడుకుని వస్తారు. అది ప్రేమ, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ ఆ బండి కిరాయి చాలా ఇళ్లలో వెళ్లే మనిషి మొదటి నెల జీతంలోంచి తీర్చాల్సిన అప్పు. తిరిగొచ్చేటప్పుడు అర్ధరాత్రి దిగిన మనిషి జూబ్లీ బస్ స్టేషన్ చేరడానికే నగరమంతా దాటాలి. అక్కడ తొలి బస్సు కోసం పెట్టెల మీద కూర్చుని తెల్లారే దాకా కాపలా కాయాలి. ఏళ్ల తరబడి కష్టపడి తెచ్చుకున్నది ఆ పెట్టెల్లోనే ఉంటుంది.

దీనికి మందు మన చేతిలోనే ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు హైదరాబాద్‌కు వచ్చే ప్రధాన రహదారులన్నిటినీ కలుపుతుంది. కరీంనగర్ రాజీవ్ రహదారి శామీర్‌పేట దగ్గర, నిజామాబాద్ రోడ్డు మేడ్చల్ దగ్గర, వరంగల్ రోడ్డు ఘట్‌కేసర్ దగ్గర, విజయవాడ రోడ్డు పెద్ద అంబర్‌పేట దగ్గర, నాగార్జునసాగర్ రోడ్డు బొంగులూరు దగ్గర, శ్రీశైలం రోడ్డు తుక్కుగూడ దగ్గర, ముంబై రోడ్డు పటాన్‌చెరు దగ్గర ఔటర్‌కు తగులుతాయి. అక్కడి నుంచి ఔటర్ మీదుగా వెళితే నగరంలోని ఒక్క సిగ్నలూ దాటకుండా శంషాబాద్ చేరవచ్చు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, వరంగల్, ఖమ్మం, నల్లగొండ డిపోల నుంచి రోజూ రాత్రి, తెల్లవారుజాము విమానాల వేళకు తగినట్టు కనీసం రెండేసి బస్సులు ఔటర్ మీదుగా నేరుగా విమానాశ్రయానికి నడపాలి, అవే తిరుగు ప్రయాణంలో దిగినవాళ్లను తీసుకెళ్లాలి. టికెట్ ముందుగా బుక్ చేసుకునే వీలుండాలి. విమానం ఆలస్యమైతే అదే టికెట్‌తో తర్వాతి బస్సు ఎక్కనివ్వాలి. ఈ ఒక్క నిబంధన లేకపోతే ముందస్తు బుకింగ్ పెట్టినా జనం చేయించుకోరు. మహబూబ్‌నగర్, కర్నూలు బస్సులు ఎలాగూ 44వ నంబర్ జాతీయ రహదారి మీద శంషాబాద్ దాటే నగరంలోకి వస్తాయి. వాటిలో కొన్ని లోపలికి తిరిగి టెర్మినల్ దగ్గర ఆగి పోతే చాలు. విజయవాడ వైపు బస్సుల విషయంలో ఏపీఎస్‌ఆర్టీసీతో మాట్లాడి ఒప్పందం చేసుకోవాలని ప్రార్థన.

ఔటర్ టోల్ సంగతి కూడా ఆలోచించాలి. 2023లో ఔటర్ టోల్ వసూలు హక్కును 7,380 కోట్ల రూపాయలకు ముప్పై ఏళ్ల పాటు ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. ఎయిర్‌పోర్టుకు వెళ్లే ఆర్టీసీ బస్సుల టోల్ భారాన్ని ప్రయాణికుడి టికెట్ మీద వేయకుండా, అప్పుడు వచ్చిన ఆ పెద్ద మొత్తంలోంచి ప్రభుత్వమే భరించాలి. నలభై మందిని మోసుకెళ్లే బస్సు ఎన్నో కార్లను రోడ్డు మీదికి రాకుండా ఆపుతోంది. ఆ మేలుకు ప్రతిఫలంగా ఇది పెద్ద ఖర్చు కాదు.

విమానాశ్రయంలో పనిచేసేవాళ్ల మాట. దాదాపు ఐదున్నర వేల ఎకరాల్లో ఉన్న ఆ ఆవరణలో టెర్మినల్ ఒక్కటే లేదు. కార్గో ఉంది, విమానాల మరమ్మతు షెడ్లున్నాయి, హోటళ్లు, గోదాములు, ఆఫీసులు ఉన్నాయి. ఆ భూమిని ఇచ్చిన పల్లెల పిల్లలే ఇవాళ అక్కడ లోడర్లుగా, గార్డులుగా ఉన్నారు. షిఫ్టు ఉదయం ఆరింటికి మారితే ఐదింటికి బస్సుండాలి, రాత్రి పదింటికి మారితే పదిన్నరకు బస్సుండాలి. శంషాబాద్, కొత్తూరు, మామిడిపల్లి, పహాడీషరీఫ్, జల్‌పల్లి, కాటేదాన్, రాజేంద్రనగర్ నుంచి షిఫ్టు వేళలకు సరిపడే బస్సులు వేయాలి. షిఫ్టు వేళలు యాజమాన్యం దగ్గరున్నాయి, బస్సు వేళలు ఆర్టీసీ దగ్గరున్నాయి. రెండూ ఒక బల్ల మీద పెట్టి కూర్చుంటే ఒక్క రోజులో తేలే పని ఇది. రాత్రి డ్యూటీ ఆడవాళ్లు దిగే స్టాపుల్లో లైటు వెలగాలి, వాళ్లు అడిగిన చోట బస్సు ఆపాలి. కాంట్రాక్టు కార్మికులకు నెల పాసులో సగం ఖర్చు వాళ్లను పనిలో పెట్టుకున్న సంస్థలు భరించేలా చూడాలి.

బస్సు ఆగే చోటు గురించి ఒక్క మాట. బయటికొచ్చిన ప్రయాణికుడికి మొదట కనపడాల్సింది బస్సే. రాకపోకల ద్వారానికి దగ్గరలో, నీడ, బెంచీలు, మంచినీళ్లు, మరుగుదొడ్డి ఉన్న స్టాండు, అక్కడ ఇరవై నాలుగు గంటలూ ఒక ఆర్టీసీ మనిషి ఉండాలి. దారి చూపే బోర్డులు తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో ఉండాలి. మొదటిసారి విమానం దిగిన మనిషి ఇంగ్లీషు బోర్డు చదవలేక, ముందు ఎవరు పిలిస్తే వాళ్ల బండి ఎక్కేస్తాడు.

ఇక రైలు. ఎంఎంటీఎస్ 2003లో మొదలైంది. రెండో దశలో ఫలక్‌నుమా నుంచి శివరాంపల్లి, బుద్వేల్ మీదుగా ఉందానగర్ దాకా లైను డబ్లింగ్, విద్యుదీకరణ పూర్తి చేసి, 2023 ఏప్రిల్‌లో ప్రధానమంత్రి చేతుల మీదుగా ప్రారంభించారు. ఉందానగర్ స్టేషన్ నుంచి విమానాశ్రయం ఆరు కిలోమీటర్ల పైచిలుకు. ఆ ఆరు కిలోమీటర్ల పట్టాలు ఎందుకు పడలేదు, ఎవరు ఒప్పుకోలేదు అన్న పాత వాదనలోకి మేము వెళ్లదలచుకోలేదు. అది మళ్లీ పరిశీలనకు తీసుకోవాలని కోరుతున్నాము. పట్టాలు పడే దాకా ఆగకుండా చేయదగ్గ పని ఒకటుంది. ఉందానగర్ స్టేషన్ గేటు దగ్గర ప్రతి రైలుకూ ఒక బస్సు కాచుకుని ఉండి, రైలు దిగినవాళ్లను పావుగంటలో టెర్మినల్‌కు చేర్చాలి, అదే టికెట్ మీద. ఈ లైన్లో రైళ్ల సంఖ్యా పెరగాలి. బెంగళూరు విమానాశ్రయం దగ్గర 2021 జనవరిలో హాల్ట్ స్టేషన్ తెరిచారు. రోజుకు కొద్ది రైళ్లే ఉండటంతో అది ప్రయాణికుల అలవాటులోకి రాలేదు. ఉందానగర్‌కు ఆ గతి పట్టకూడదు. మహబూబ్‌నగర్, కర్నూలు వైపు నుంచి కాచిగూడకు వచ్చే రైళ్లు ఉందానగర్ మీదుగానే వస్తాయి. వాటిలో కొన్నింటికి అక్కడ నిమిషం హాల్ట్ ఇస్తే రాయలసీమ ప్రయాణికుడు కాచిగూడ దాకా పోయి, మళ్లీ వెనక్కి రావాల్సిన పని తప్పుతుంది.

మెట్రో మీద మా అభిప్రాయం స్పష్టంగా చెబుతాము. 2022 డిసెంబర్ 9న రాయదుర్గం వైపు నుంచి శంషాబాద్‌కు 31 కిలోమీటర్ల మెట్రోకు, 6,250 కోట్ల అంచనాతో శంకుస్థాపన జరిగింది. 2023 చివర్లో కొత్త ప్రభుత్వం ఆ దారిని పక్కన పెట్టింది. 2024 అక్టోబర్‌లో రాష్ట్ర మంత్రివర్గం 76.4 కిలోమీటర్ల రెండో దశను 24,269 కోట్ల అంచనాతో ఆమోదించి, తర్వాతి నెలలో కేంద్రానికి పంపింది. అందులో నాగోల్ నుంచి ఎల్బీ నగర్, చాంద్రాయణగుట్ట, మైలార్‌దేవ్‌పల్లి, ఆరాంఘర్ మీదుగా విమానాశ్రయానికి దాదాపు 37 కిలోమీటర్ల లైను ఉంది. మార్చిన దారే మెరుగైనదని మేము నమ్ముతున్నాము. అది జనం కిక్కిరిసి ఉండే కాలనీల గుండా పోతుంది, పనివాళ్ల ఇళ్ల పక్కగా పోతుంది, పాతబస్తీ మెట్రోను చాంద్రాయణగుట్ట దగ్గర కలుస్తుంది. కానీ ఒకసారి రాయి వేసి ఆపారు. మరోసారి దారి మారకూడదు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు వాటాల విషయంలో పేచీలు పక్కన పెట్టి, ఈ లైనును అన్నిటికంటే ముందు పూర్తి చేయాలి.

ఢిల్లీ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. అక్కడి ఎయిర్‌పోర్ట్ లైనును మొదట ప్రైవేటు సంస్థ నడిపింది. లోపాలతో కొన్ని నెలలు మూతపడింది. 2013 జూలైలో ఢిల్లీ మెట్రో సంస్థే దాన్ని తన చేతిలోకి తీసుకుంది. తర్వాత ఛార్జీలు తగ్గించాక ప్రయాణికులు పెరిగారు. ఎయిర్‌పోర్టు రైలు అంటే విమానం ఎక్కేవాడి కోసమే అనుకుని ఎక్కువ ఛార్జీ పెట్టడం పొరపాటని అది నిరూపించింది. మన లైనులో ఎయిర్‌పోర్టు స్టేషన్‌కు ప్రత్యేక ఛార్జీ వేయవద్దు. పెద్ద పెట్టెల కోసం ప్రతి రైలులో చోటు, ప్రతి స్టేషన్‌లో పెద్ద లిఫ్టు ఉండాలని డిజైన్ దశలోనే రాసుకోవాలి, తర్వాత తగిలించడం కుదరదు. మెట్రో ఆగిపోయే గంటల్లో అదే దారిలో, అవే స్టాపుల దగ్గర రాత్రి బస్సు నడవాలి. మెట్రో వచ్చింది కదా అని ఎయిర్‌పోర్టు బస్సులు తగ్గించబోమని ఇప్పుడే హామీ కావాలి.

డబ్బు ఎక్కడిది అని మీరు అడుగుతారు. విమానాశ్రయం సొంతదారుల్లో రాష్ట్ర ప్రభుత్వం 13 శాతం వాటాదారు, కేంద్రం తరఫున ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి మరో 13 శాతం ఉంది. ఆ బోర్డులో ప్రజల తరఫున మాట్లాడే హక్కు మీకుంది. ప్రతి ప్రయాణికుడూ టికెట్‌లోనే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు కడుతున్నాడు. కార్లు పార్కింగ్ రుసుము కడుతున్నాయి. టెర్మినల్‌లో ప్రతి దుకాణం అద్దె కడుతోంది. విమానాశ్రయం చేరే దారి కూడా విమానాశ్రయంలో భాగమే. ఈ రాబడిలో ఒక వంతు బస్సుల కోసం, స్టాండు కోసం, ఉందానగర్ లింకు బస్సు కోసం కేటాయించమని బోర్డులో తీర్మానం పెట్టాలి.

ఈ పనులు ఐదు సంస్థల మధ్య చీలి ఉన్నాయి. ఆర్టీసీని అడిగితే టెర్మినల్ లోపల స్థలం తమ చేతిలో లేదంటారు, టెర్మినల్‌లో అడిగితే బస్సులు తమవి కావంటారు, స్టేషన్‌లో అడిగితే బయటి రోడ్డు తమది కాదంటారు. అందరూ చెప్పేది నిజమే. అందుకే 2008లోనే హెచ్‌ఎండీఏ చట్టం కింద ఏకీకృత మహానగర రవాణా సంస్థ ఉమ్టాను ఏర్పాటు చేశారు. విమానాశ్రయ రవాణా బాధ్యతను పూర్తిగా ఉమ్టాకు అప్పగించి, ఒక పూర్తికాలపు అధికారిని నియమించి, ఆయన పేరు, ఫోన్ నంబర్ టెర్మినల్‌లో రాసిపెట్టాలి. ఎన్ని బస్సులు నడిచాయి, ఎన్ని రద్దయ్యాయి, ఎంతమంది ఎక్కారు అన్న లెక్కలు ప్రతి నెలా ప్రజల ముందు పెట్టాలి.

వీటిలో రాత్రి బస్సుల హామీ, ఉందానగర్ లింకు బస్సు, ఔటర్ మీదుగా జిల్లా బస్సులు, ఈ మూడింటిపై ముప్పై రోజుల్లో ఉత్తర్వులు ఇవ్వాలని కోరుతున్నాము. మిగతావాటికి రాతపూర్వక సమాధానం, గడువులతో సహా, ఇప్పించాలి. అంతకంటే ముందు ఒక్కసారి మీరు, సంబంధిత అధికారులు అందరూ రాత్రి ఒంటిగంట నుంచి తెల్లవారుజామున ఐదు దాకా విమానాశ్రయం బస్సు స్టాండులో మాతో కలిసి తనిఖీ చేయాలి. అక్కడ దిగినవాళ్లతో, డ్యూటీ ముగించుకుని వచ్చే కార్మికులతో నేరుగా మాట్లాడాలి. తేదీ మీరే నిర్ణయించి తెలియజేస్తే మా ప్రతినిధులు ఆ రాత్రి అక్కడ ఉంటారు.

ఇట్లు,
తమ విధేయులు,

హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్ జిల్లాల విమాన ప్రయాణికులు
ఉత్తర తెలంగాణ గల్ఫ్ కార్మికులు, వారి కుటుంబ సభ్యులు
విమానాశ్రయ ఉద్యోగులు, కాంట్రాక్టు కార్మికులు
శంషాబాద్, పాతబస్తీ పరిసర ప్రాంతాల నివాసులు

జతపరచినవి: సంతకాల పత్రాలు, కోరిన బస్సు మార్గాల పటం, షిఫ్టు వేళల పట్టిక.